చదువుకుంటూ చిన్న ఫొటోగ్రఫీ వ్యాపారం పెట్టుకోవడం ఎలా?

చదువుకుంటూనే ఫొటోలు తీసి నాలుగు డబ్బులు సంపాదించాలనుకునేవాళ్లు ముందుగా అడిగేది "ఏ కెమెరా కొనాలి?" అని. దానికి జవాబు కింద ఉంది. కానీ అంతకంటే ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది: వారంలో మీ చేతిలో నిజంగా ఎన్ని గంటలున్నాయి? ఫొటోలు చక్కగా తీసే విద్యార్థులు కూడా మధ్యలో పని వదిలేస్తుంటారు. ఒప్పుకున్న ఫొటోలు చెప్పిన రోజుకి ఇవ్వలేకపోవడం, ఒకవైపు అసైన్‌మెంట్లు, ఇంకోవైపు ఎడిటింగ్ మీద పడటం, ఆ టెన్షన్‌లో రెండూ చెడిపోవడం, ఇదీ వరస. అందుకే ఈ మార్గదర్శి గంటల లెక్కతో మొదలవుతుంది. మీకు రేటు ఎంత ఉండాలి, ఏ పని ఒప్పుకోవాలి, ఏది వద్దనాలి అన్నవన్నీ ఆ లెక్కలోంచే వస్తాయి.

మొదటి అడుగు: వారాన్ని కాగితం మీద పెట్టండి

వారానికి 168 గంటలు. నిద్రకు రోజుకు 8 చొప్పున 56 తీసేయండి. క్లాసులు, ల్యాబులు, ఇంటి దగ్గర చదువు కలిపి 48 అనుకుందాం. తిండి, స్నానం, రాకపోకలు, బట్టలు ఉతుక్కోవడం లాంటివాటికి రోజుకు 4 చొప్పున 28. మిగిలేవి 36. చూడగానే చాలానే ఉన్నాయనిపిస్తుంది. కానీ అందులో సగం ముట్టుకోవద్దు. స్నేహితులు, ఇంట్లోవాళ్లు, జ్వరం వచ్చిన రోజు, ఏ పనీ చేయబుద్ధి కాని సాయంత్రం, అన్నీ అందులోనే సర్దుకోవాలి. అంటే ఫొటోగ్రఫీకి మీకున్నవి వారానికి సుమారు 18 గంటలు. మీ అంకెలు వేరుగా ఉండొచ్చు, మీవి మీరు వేసుకోండి.

ఇప్పుడు రెండు గంటల పోర్ట్రెయిట్ షూట్‌కి అసలు ఎంత సమయం పడుతుందో చూడండి. క్లయింట్‌తో మెసేజ్‌లు, ఫోన్‌లో మాట్లాడటం అన్నీ కలిపి ఒక గంట. ముందురోజు సామాను సర్దుకోవడం అరగంట. వెళ్లి రావడం గంట. షూట్ రెండు గంటలు. ఫైళ్లు కాపీ చేసి, వందల ఫ్రేములలోంచి మంచివి ఏరడం గంటన్నర. నలభై ఫొటోలు ఇవ్వాలంటే ఒక్కోదానికి ఐదు నిమిషాల చొప్పున ఎడిటింగ్ మూడు గంటల ఇరవై నిమిషాలు. ఎగుమతి చేసి, మళ్లీ ఒకసారి చూసుకుని, లింకు పంపడానికి నలభై నిమిషాలు. మొత్తం కూడితే పది గంటలు.

రెండు గంటల పని అనుకున్నది పది గంటలైంది. మీ 18 గంటల్లో వారానికి ఒక్క షూట్ హాయిగా పడుతుంది. రెండోది ఒప్పుకుంటే నిద్రలోంచో చదువులోంచో కోత పడుతుంది. ఈ ఒక్క లెక్క మనసులో పెట్టుకుంటే "సరేనండీ, ఆదివారం కూడా వస్తాను" అనే ముందు నోరు దానంతటదే ఆగుతుంది.

తర్వాత సెమిస్టర్ క్యాలెండర్ తీసుకుని పరీక్షల వారాలు, వాటికి ముందు రెండు వారాలు, పెద్ద ప్రాజెక్టు గడువులు గుర్తు పెట్టండి. ఆ వారాలకు బుకింగ్ లేదు. ఫోన్ క్యాలెండర్‌లో వాటిని ముందే "బిజీ" అని మూసేయండి. ఎవరైనా అడిగినప్పుడు అప్పటికప్పుడు ఆలోచించుకునే పని ఉండకూడదు.

రెండో అడుగు: ఏ రకం పనితో మొదలుపెట్టాలి

విద్యార్థికి సరిపోయే పనికి మూడు లక్షణాలుండాలి. తేదీ మార్చుకునే వీలుండాలి, సగం రోజులో అయిపోవాలి, ఏదైనా తేడా వస్తే మళ్లీ తీసే అవకాశం ఉండాలి. ఒక్కరి పోర్ట్రెయిట్లు, రెజ్యూమెకి పెట్టుకునే ఫొటోలు, పట్టా తీసుకునేవాళ్ల ఫొటోలు, చిన్న కుటుంబాలు, ఇంటి నుంచి వస్తువులు అమ్ముకునేవాళ్లకు ప్రొడక్ట్ ఫొటోలు, ఇవన్నీ ఈ కొలతకు వస్తాయి. నన్నడిగితే ప్రొడక్ట్ ఫొటోలే విద్యార్థికి అన్నిటికంటే అనుకూలం. వస్తువు మీ గదికే వస్తుంది. రాత్రి పదింటికైనా తీసుకోవచ్చు. బాగా రాకపోతే ఇంకోసారి తీస్తారు, అంతే.

పెళ్లి అలా కాదు. ఆ క్షణం పోతే పోయినట్టే, మళ్లీ రాదు. కార్డు చెడినా, ఫ్లాష్ పనిచేయకపోయినా ఎవరూ "పర్వాలేదు" అనరు, అనలేరు కూడా. మొదటి ఏడాది ఒంటరిగా పెళ్లి ఒప్పుకోవద్దు. అనుభవమున్న ఫొటోగ్రాఫర్ పక్కన రెండో కెమెరాగా వెళ్లండి. డబ్బు తక్కువే రావచ్చు. కానీ జనాన్ని ఎలా నిలబెడుతున్నారు, వెలుతురు లేనిచోట ఏం చేస్తున్నారు, గొడవపడే బంధువుతో ఎలా మాట్లాడుతున్నారు అన్నవి అక్కడ తప్ప ఇంకెక్కడా నేర్చుకోలేరు.

మూడో అడుగు: సామాను

దీని మీద ఎక్కువసేపు ఆగను. మార్చుకోగల లెన్సులుండే కెమెరా బాడీ ఒకటి, వాడినదైనా చాలు. 50 ఎంఎం ఎఫ్/1.8 లెన్స్ ఒకటి (ఎఫ్ పక్కన అంకె ఎంత చిన్నదైతే లెన్స్ అంత వెడల్పుగా తెరుచుకుని ఎక్కువ వెలుతురు లోపలికి వస్తుంది). దాదాపు ప్రతి పెద్ద కంపెనీ వరసలోనూ బాగా చవకైన లెన్సుల్లో ఇదొకటి. చిన్న సెన్సర్ (వెలుతురును ఫొటోగా మార్చే చిప్పు) ఉన్న బాడీ మీద ఇది సుమారు 75 నుంచి 80 ఎంఎం లాగా కనిపిస్తుంది కాబట్టి ముఖాలు చక్కగా వస్తాయి. అదనపు బ్యాటరీ ఒకటి, మెమరీ కార్డులు కనీసం రెండు, వెలుతురును ముఖం మీదికి తిప్పడానికి మడత పెట్టుకునే రిఫ్లెక్టర్ ఒకటి. ఇక్కడితో ఆపండి. ఫ్లాష్, జూమ్ లెన్స్, లైట్ స్టాండులు అవసరమైన రోజుకి అద్దెకు తెచ్చుకోండి. ఒకే వస్తువును మూడుసార్లు అద్దెకు తేవాల్సి వచ్చిందంటే అప్పుడు కొనే సంగతి ఆలోచించండి.

వాడిన బాడీ కొనేటప్పుడు షట్టర్ (ఫొటో తీసినప్పుడల్లా తెరుచుకుని మూసుకునే తెర) ఎన్నిసార్లు పనిచేసిందో అడగండి. లెన్స్ లోపల టార్చి వేసి బూజు చారలున్నాయేమో చూడండి. ఎఫ్/16 దగ్గర తెల్లగోడను ఫొటో తీసి పెద్దది చేస్తే సెన్సర్ మీది దుమ్ము నల్లచుక్కలుగా కనిపిస్తుంది. దుమ్మైతే శుభ్రం చేయించుకోవచ్చు, బూజు పట్టిన లెన్స్ మాత్రం తీసుకోవద్దు. కార్డు పెట్టే చోట పిన్నులు వంగి ఉన్నాయేమో, ప్రతి బటనూ పనిచేస్తోందో లేదో అక్కడే చూసుకోండి. అప్పు చేసి మాత్రం కొనవద్దు. నెలనెలా కట్టాల్సిన వాయిదా ఉంటే పరీక్షల వారంలో కూడా షూట్‌లు వద్దనలేరు.

ఎడిటింగ్‌కి డబ్బు పెట్టలేకపోతే డార్క్‌టేబుల్, రాథెరపీ, గింప్ అనే సాఫ్ట్‌వేర్లు ఉచితంగా దొరుకుతాయి. నేర్చుకోవడానికి కాస్త ఓపిక కావాలి, అంతే.

నాలుగో అడుగు: ఒక్క కిటికీ దగ్గర కూర్చుని నేర్చుకోండి

కొత్త లెన్సుల మీద పెట్టే ఆలోచనలో పావు వంతు వెలుతురు మీద పెడితే ఫొటోలు మారిపోతాయి. గదిలో ఒక కిటికీ, కూర్చోవడానికి స్టూలు, ఓపికగా కూర్చునే స్నేహితుడో స్నేహితురాలో ఉంటే చాలు. గదిలో దీపాలన్నీ ఆర్పేయండి. ఆ మనిషిని కిటికీకి పక్కగా, మీటరు దూరంలో కూర్చోబెట్టండి. ఒక చెంప మీద వెలుతురు, రెండో చెంప మీద నీడ పడతాయి. ఇప్పుడు వాళ్లను మెల్లగా కిటికీ వైపు తిరగమనండి. ముక్కు నీడ పొట్టిదవుతూ, చీకటి చెంప మీద కంటి కింద చిన్న వెలుగు ముక్క వచ్చే క్షణం ఒకటుంటుంది. అక్కడ ఆపి ఫొటో తీయండి. ఇంకా తిరిగితే ముఖమంతా సమంగా వెలుగుతుంది, చూడటానికి మెత్తగా ఉంటుంది గానీ ముఖం ఆకారం అంతగా తెలియదు.

తర్వాత స్టూలును కిటికీ నుంచి వెనక్కి జరపండి. చిన్న దీపమైతే దూరం రెండింతలైనప్పుడు వెలుతురు నాలుగో వంతుకు పడిపోతుంది. కిటికీ పెద్దది కాబట్టి దగ్గరలో అంత నిక్కచ్చిగా పడిపోదు, కానీ దూరం వెళ్లేకొద్దీ తగ్గడం మీకే కనిపిస్తుంది. దానితోపాటు నీడల అంచులు గట్టిపడతాయి. కిటికీకి దగ్గరగా ఉన్నప్పుడు వెనకగోడ చీకటిగా, దూరంగా ఉన్నప్పుడు గోడ కూడా వెలుగులోకి వస్తుంది. వెనక చిందరవందరగా ఉన్న గదిలో షూట్ చేయాల్సి వస్తే ఈ ఒక్క సంగతే మిమ్మల్ని గట్టెక్కిస్తుంది.

నీడ చెంప వైపు తెల్ల అట్టముక్క పట్టి చూడండి, నల్లగుడ్డ పట్టి చూడండి. కళ్లలో వెలుగుచుక్క ఉందో లేదో ప్రతి ఫ్రేములోనూ చూసుకోండి. అది లేకపోతే కళ్లు నిర్జీవంగా కనిపిస్తాయి. మబ్బు రోజున ఒకసారి, ఎండ రోజున ఒకసారి, సాయంత్రం ఒకసారి ఇదే చేయండి. ఎవరి ఇంటికి వెళ్లినా ముందు కిటికీలు ఎక్కడున్నాయో చూసే అలవాటు ఇక్కడే పడుతుంది.

ఐదో అడుగు: చూపించడానికి కొన్ని ఫొటోలు

ముందుగా పదిహేను, ఇరవై ఫొటోలు చాలు. మీకు ఏ పని రావాలనుకుంటున్నారో ఆ ఫొటోలే పెట్టండి. పిట్టలు, సూర్యాస్తమయాలు ఎంత బాగున్నా, వాటిని చూసి రెజ్యూమె ఫొటో కోసం ఎవరూ పిలవరు. ఒకే మనిషివి ఎనిమిది ఫొటోలు పెట్టకండి. వయసులు, ఒంటి రంగులు, వెలుతురు రకరకాలుగా ఉంటే చూసేవాళ్లకు "మనల్ని కూడా బాగా తీస్తారు" అన్న నమ్మకం కలుగుతుంది.

ఇందుకోసం ముగ్గురు నలుగురికి ఉచితంగా తీయాల్సి రావచ్చు, తప్పులేదు. కానీ ఉచితానికి కూడా హద్దు పెట్టండి: ఒక గంట, పది ఫొటోలు, ఫలానా తేదీకి ఇస్తాను, నా పేజీలో పెట్టుకోవడానికి మీరు ఒప్పుకోవాలి. ఆ నలుగురూ అయ్యాక ఉచితం ఆపేయండి. మొహమాటపడితే స్నేహితుల స్నేహితులు కూడా వస్తారు. "ఇప్పుడు డబ్బు తీసుకునే చేస్తున్నాను, నీకు కాబట్టి కొంచెం తగ్గిస్తాను" అని నవ్వుతూ చెబితే నిజమైన స్నేహితులెవరూ నొచ్చుకోరు.

ఆరో అడుగు: రేటు ఎలా కట్టాలి

చాలామంది పక్కవాళ్ల రేటు చూసి అందులో సగం పెడతారు. అది లెక్క కాదు, భయం. ఇలా కట్టండి.

కెమెరా, లెన్స్, ల్యాప్‌టాప్‌లో ఈ పనికి వాడుకునే వాటా, అన్నీ కలిపి ఎంతైందో రాయండి. మూడేళ్లు పనిచేస్తాయనుకుని మూడుతో భాగించండి. దానికి ఏడాది ఖర్చులు కలపండి: ఆన్‌లైన్ స్టోరేజీ, హార్డ్ డిస్కులు, ప్రయాణాలు, అద్దె సామాను, రిపేర్లకు కొంత. ఇప్పుడు ఏడాదిలో ఎన్ని షూట్‌లు వస్తాయో నిజాయితీగా అనుకోండి. 52 వారాల్లో పరీక్షలు, సెలవులు, ఊరెళ్లడాలు తీసేస్తే 30 మిగులుతాయి. వాటిలో బుకింగ్ వచ్చేవి 20 అనుకుందాం. మొత్తం ఖర్చును 20తో భాగిస్తే వచ్చేదే ఒక్కో షూట్‌కి మీ జేబులోంచి పోయేది. అంతకంటే తక్కువకు పని చేస్తే మీరే ఎదురు డబ్బు పెడుతున్నట్టు.

దాని మీద మీ గంటల విలువ వేయాలి. మీరుండే చోట విద్యార్థులు చేసే మిగతా పార్ట్‌టైమ్ పనులకు గంటకు ఎంత వస్తుందో కనుక్కుని, దాన్ని పదితో గుణించండి. రెండుతో కాదు, పదితో. షూట్‌కి పట్టేవి పది గంటలని పైన చూశాం. ఇది కనీస రేటు. దీని మీద పన్నులకు, తర్వాత కొనబోయే సామానుకు కొంత కలిపితే మీ అసలు రేటు తేలుతుంది.

అంకె చూసి గుండె ఝల్లుమంటే, తగ్గించాల్సింది రేటును కాదు, పనిని. నలభై బదులు పదిహేను ఫొటోలు, రెండు గంటల బదులు నలభై నిమిషాలు అనుకుంటే మొత్తం నాలుగైదు గంటల్లో అయిపోతుంది. అది చిన్న ప్యాకేజీ. మామూలుది ఒకటి, చిన్నది ఒకటి, రెండే ఉంచండి. ఎక్కువ పెడితే క్లయింట్‌కీ అయోమయం, మీకూ అయోమయం.

ఎవరైనా తగ్గించమంటే ఇలా చెప్పి చూడండి: "ఆ బడ్జెట్‌లో చిన్న ప్యాకేజీ వస్తుందండి. నలభై నిమిషాల షూట్, పదిహేను ఫొటోలు. మీకు సరిపోతుందంటే శనివారం పెట్టుకుందాం." బేరానికి "కుదరదు" అనక్కర్లేదు, అదే పని తక్కువకు చేయనక్కర్లేదు.

ఏడో అడుగు: మాట రాతలో ఉండాలి

పెద్ద లాయరు భాష అక్కర్లేదు. ఒక పేజీ మామూలు భాషలో రాసి, క్లయింట్ "ఒప్పుకుంటున్నాను" అని రాతపూర్వకంగా జవాబిస్తే చిన్న పనులకు మొదట్లో సరిపోతుంది. అందులో ఉండాల్సినవి: తేదీ, చోటు, ఎంతసేపు, ఎన్ని ఫొటోలు, ఏ రోజుకి ఇస్తారు, మొత్తం ఎంత, అడ్వాన్స్ ఎంత, ఎవరైనా రద్దు చేసుకుంటే ఏమవుతుంది, వాన వస్తే ఏ తేదీకి మారుతుంది, మార్పులు ఎన్నిసార్లు చేస్తారు.

అడ్వాన్స్ లేకుండా తేదీ ఖాయం చేయవద్దు. మూడో వంతో సగమో ముందు తీసుకోండి, మిగతాది ఫొటోల లింకు ఇచ్చేముందు. ఇందులో మొహమాటానికి తావులేదు. అడ్వాన్స్ ఇచ్చినవాళ్లు చెప్పాపెట్టకుండా మానేయడం అరుదు.

కాపీరైట్ సంగతి కూడా తెలిసుండాలి. చాలా దేశాల్లో ఫొటో హక్కు మొదట తీసినవాళ్లదే. కానీ డబ్బిచ్చి తీయించుకున్న ఫొటోలకు, ఉద్యోగంలో భాగంగా తీసినవాటికి కొన్నిచోట్ల చట్టం వేరేగా చెబుతుంది. మీ దేశంలో ఏముందో చూసుకుని, క్లయింట్ వాటిని దేనికి వాడుకోవచ్చో పేజీలో ఒక వాక్యం రాయండి. సొంతానికా, వ్యాపార ప్రకటనకా అన్నది ముఖ్యం, ప్రకటనకైతే రేటు ఎక్కువ ఉండాలి. మీ పేజీలో ఎవరి ముఖమైనా పెట్టాలంటే వాళ్ల అనుమతి విడిగా అడగండి. పిల్లల ఫొటోలైతే తల్లిదండ్రులు రాతలో ఒప్పుకుంటేనే. వాళ్లు వద్దంటే కారణం అడగవద్దు.

ఇంకో మాట. వేరే దేశంలో స్టూడెంట్ వీసా మీద ఉన్నవాళ్లు ముందు వీసా షరతులు చదవాలి. ఎన్ని గంటలు పనిచేయొచ్చన్నదే కాకుండా, సొంత వ్యాపారం చేయొచ్చా లేదా అన్నది కూడా చూడాలి. అమెరికా, యూకే లాంటి చోట్ల వారానికి కొన్ని గంటలు ఉద్యోగానికి అనుమతి ఉన్నా సొంత పనికి ఆంక్షలున్నాయి. దీంట్లో అజాగ్రత్తగా ఉంటే చదువుకే ఎసరొస్తుంది. కాలేజీ అంతర్జాతీయ విద్యార్థుల ఆఫీసును అడిగి తెలుసుకున్నాకే మొదటి రూపాయైనా, డాలరైనా తీసుకోండి.

ఎనిమిదో అడుగు: షూట్ ముందురోజు, షూట్ రోజు

ముందురోజు రాత్రి బ్యాటరీలు చార్జింగ్‌లో పెట్టండి. కార్డుల్లోని పాత ఫైళ్లు రెండుచోట్ల భద్రంగా ఉన్నాయని చూసుకున్నాకే కెమెరాలో ఫార్మాట్ చేయండి. లెన్స్ తుడవండి. క్లయింట్‌కి ఒక మెసేజ్ పెట్టండి: "రేపు నాలుగున్నరకు కలుద్దామండి. చిన్న గళ్లు, సన్న చారలున్న బట్టలు వద్దు, ఫొటోలో అలలు అలలుగా కనిపిస్తాయి. ఒకే రంగువైతే బాగుంటాయి." ఈ మెసేజ్‌తో సగం సందేహాలు తీరిపోతాయి, మీరు పట్టించుకునే మనిషని కూడా తెలుస్తుంది.

బయట తీసేదైతే సూర్యాస్తమయానికి గంటన్నర ముందు మొదలుపెట్టేలా చూడండి. మిట్టమధ్యాహ్నమే కుదురుతుందంటే చెట్టునీడనో, ఎత్తైన గోడ నీడనో వెతకండి. నీడలో కూడా మచ్చలు మచ్చలుగా ఎండ పడని చోటు కావాలి.

చేరగానే కెమెరా బయటికి తీయకండి. ఐదు నిమిషాలు మాట్లాడండి. ఫొటో అంటే బిగుసుకుపోయేవాళ్లే ఎక్కువ. "నవ్వండి" అంటే పళ్లు మాత్రమే కనిపిస్తాయి. చేయడానికి ఏదైనా పని చెప్పండి: నడుస్తూ రండి, చొక్కా చేయి మడవండి, పక్కవాళ్లతో పొద్దున ఏం జరిగిందో చెప్పండి. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఇబ్బందిపడుతుంటే ఒక చేతికి ఏదో ఒకటి ఇవ్వండి. మొదటి పది ఫ్రేములు పనికిరావని ముందే అనుకోండి, వాటి గురించి ఏమీ అనకండి. ఒక మంచి ఫ్రేము పడగానే కెమెరా వెనక తెర మీద చూపించండి. తాము బాగున్నామని చూసుకున్న మనిషి భుజాలు అప్పుడే కిందికి దిగుతాయి. ఆ తర్వాతి ఇరవై నిమిషాల్లోనే మీకు కావాల్సిన ఫొటోలన్నీ వస్తాయి.

సెట్టింగుల సంగతి క్లుప్తంగా. రా ఫార్మాట్‌లో (సెన్సర్ పట్టిన సమాచారమంతా ఉంచే ఫైలు) తీయండి, ఎక్స్‌పోజర్‌లో, రంగులో చిన్న తేడాలను తర్వాత సర్దుకోవచ్చు. ఒక్కరైతే ఎఫ్/2 నుంచి ఎఫ్/2.8, ఫోకస్ దగ్గరి కంటి మీద. రెండు వరసల గుంపైతే ఎఫ్/5.6 లేదా ఎఫ్/8, లేకపోతే వెనకవరస మసకబారుతుంది. కదిలే మనుషులకు షట్టర్ వేగం 1/250 సెకను కంటే తగ్గకూడదు. వెలుతురు చాలకపోతే ఐఎస్ఓ (కెమెరా వెలుతురుకు ఎంతగా స్పందించాలో చెప్పే సెట్టింగు) పెంచండి. దానివల్ల గరుకుగా వచ్చిన ఫొటోను కొంత బాగుచేయొచ్చు, కదిలిపోయిన ఫొటోను చేయలేం. గదిలో దీపాల వెలుగులో అడ్డంగా చారలు పడుతుంటే, 50 హెర్ట్జ్ కరెంటు ఉండే చోట షట్టర్ 1/50 లేదా 1/100, 60 హెర్ట్జ్ చోట 1/60 లేదా 1/125 పెట్టి చూడండి. గుంపు ఫొటోలో ఎవరో ఒకరు కళ్లు మూస్తారు, వరసగా ఐదారు తీయండి.

ఫ్రేములో నాలుగువైపులా కొంచెం ఖాళీ వదలండి. కెమెరా ఫొటో సాధారణంగా 3:2 నిష్పత్తిలో ఉంటుంది, 8×10 అంగుళాల ఫ్రేము 4:5లో. తల అంచుకు ఆనించి తీస్తే, ఫ్రేము కట్టించుకునే రోజున ఎవరి తలో, ఎవరి పాదాలో తెగిపోతాయి.

తొమ్మిదో అడుగు: ఇంటికొచ్చాక

ఇల్లు అలకగానే పండగ కాదు. ఎంత అలసిపోయినా పడుకునే ముందు ఫైళ్లు కాపీ చేయాల్సిందే. 24 మెగాపిక్సెల్ కెమెరాలో ఒక్కో రా ఫైలు సుమారు 25 నుంచి 30 ఎంబీ ఉంటుంది. 600 ఫ్రేములంటే 15 నుంచి 18 జీబీ. దీనికి 3-2-1 అని ఒక పద్ధతుంది: మూడు కాపీలు, రెండు వేర్వేరు పరికరాల మీద, ఒకటి ఇంటి బయట. ల్యాప్‌టాప్‌లో ఒకటి, బయటి హార్డ్ డిస్కులో ఒకటి, ఆన్‌లైన్‌లో ఒకటి. ఆన్‌లైన్‌కి ఎక్కేదాకా కార్డు ఫార్మాట్ చేయకండి. హాస్టల్ గదిలో ల్యాప్‌టాప్, హార్డ్ డిస్కు ఒకే బ్యాగులో ఉంచితే ఆ బ్యాగు పోయిన రోజున రెండూ పోతాయి, వేర్వేరుగా పెట్టండి.

ఏరడం మర్నాడు చేయండి. ఆరోజే కూర్చుంటే అన్నీ బాగున్నట్టే ఉంటాయి. మొదటి విడతలో ఉంచేవి మాత్రమే గుర్తు పెట్టుకుంటూ వేగంగా వెళ్లండి, ఒక్కోదానికి రెండు మూడు సెకన్లు. రెండో విడతలో ఒకేలాంటి వాటిలో ఒకటి ఉంచండి. నలభై ఒప్పుకుంటే నలభై ఐదు దాకా ఇవ్వొచ్చు, నూట యాభై ఇవ్వకండి. అన్నీ ఇచ్చేస్తే క్లయింట్‌కి ఏరుకునే బరువు పడుతుంది, మీ మంచి ఫొటోలు మామూలువాటిలో కలిసిపోతాయి.

ఎడిటింగ్‌లో ముందు ఒక్క ఫొటో పూర్తిగా సరిచేయండి: తెలుపు తెల్లగానే కనిపించేలా రంగులు, వెలుతురు, నీడలు. ఆ సెట్టింగులను అదే చోట తీసిన మిగతావాటికి కాపీ చేసి, తర్వాత ఒక్కోదాన్ని సవరించండి. చర్మం మీద మొటిమ తీసేయొచ్చు, పుట్టుమచ్చ తీయకండి, అడిగితే తప్ప. ఒంటి రంగు తెల్లబరచడం అసలే వద్దు. మనిషి తనలా కనిపించాలి. అర్ధరాత్రి చీకటి గదిలో తెర వెలుగు పెంచుకుని పనిచేస్తే పగటిపూట ఫొటోలన్నీ నల్లగా కనిపిస్తాయి. అందుకే పంపే ముందు పగలు ఒకసారి, ఫోన్‌లో ఒకసారి చూసుకోండి.

ఎగుమతి రెండు సైజుల్లో చేయండి. ఫోన్లో పంపుకోవడానికి పొడవైపు 2048 పిక్సెళ్లు, ప్రింటుకి పూర్తి సైజు. 8×10 అంగుళాల ప్రింటుకి అంగుళానికి 300 పిక్సెళ్ల చొప్పున 2400×3000 చాలు. రంగుల ప్రొఫైల్ ఎస్‌ఆర్‌జీబీ ఉంచండి, ఎక్కడ తెరిచినా రంగులు దాదాపు ఒకేలా ఉంటాయి.

పదో అడుగు: చెప్పిన రోజుకి ఇవ్వడం

మీకు వారం పడుతుందంటే పది రోజులని చెప్పండి. షూట్ అయిన మర్నాడే రెండు ఫొటోలు పంపండి. ఆ రెండూ చూసుకున్నవాళ్లు మిగతావాటి కోసం నిశ్చింతగా ఎదురుచూస్తారు. అనుకోకుండా ఆలస్యమయ్యేలా ఉంటే గడువుకు ముందే చెప్పండి, గడువు దాటాక కాదు. "ల్యాబ్ పరీక్ష మారిందండీ, శుక్రవారం బదులు ఆదివారం సాయంత్రానికి ఇస్తాను" అంటే ఎవరూ కోప్పడరు. ఫోన్ ఎత్తకపోతేనే కోపం వస్తుంది. మళ్లీ పిలిచేవాళ్లు, ఇంకొకరికి మీ నంబరు ఇచ్చేవాళ్లు ఫొటో ఎంత బాగుందన్నదాంతోపాటు ఈ మనిషి చెప్పినట్టు చేశాడా, చేసిందా అన్నది కూడా గుర్తుపెట్టుకుంటారు.

ఎవరికైనా ఫొటోలు నచ్చకపోతే వెంటనే వాదించకండి. ఏది నచ్చలేదో ఒక్కో ఫొటో చూపించమనండి. "నేను లావుగా ఉన్నాను" అంటే ఇంకో కోణంలో తీసిన ఫ్రేము మీ దగ్గర ఉండే ఉంటుంది, అది ఇవ్వండి. పొరపాటు మీ వైపుంటే, ఫోకస్ తప్పిందనుకోండి, అరగంట మళ్లీ తీస్తానని చెప్పండి. రాసుకున్న మార్పులు దాటి అడుగుతుంటే ఆ పేజీ గుర్తుచేసి, అదనపు గంటకు ఎంతో మర్యాదగా చెప్పండి.

పదకొండో అడుగు: లెక్కల షీటు

ఈ పని డబ్బుకి విడిగా ఒక బ్యాంకు ఖాతా పెట్టుకోండి. ఒక షీటులో తేదీ, క్లయింట్, వచ్చింది, ఖర్చైంది, పట్టిన గంటలు రాయండి. గంటల గడి ఖాళీ వదలకండి, చాలామంది వదిలేసేది దాన్నే. బిల్లులన్నీ ఫొటో తీసి దాచండి. ఆదాయం ఎంత దాటితే పన్ను కట్టాలో, వ్యాపారం నమోదు చేయాలో ఒక్కో దేశంలో ఒక్కోలా ఉంటుంది. మొదటి ఏడాదే తెలుసుకుని, వచ్చిన ప్రతిదాంట్లో కొంత పక్కన పెట్టండి. కెమెరాకి ఇన్సూరెన్స్ తీసుకుంటే వ్యాపారానికి వాడినా వర్తిస్తుందా అని అడిగి తీసుకోండి. సొంత వాడకానికిచ్చే పాలసీల్లో చాలావరకు వర్తించదు.

ప్రతి సెమిస్టర్ చివర ఆ షీటు తెరిచి, వచ్చిన డబ్బులోంచి ఖర్చు తీసేసి, గంటలతో భాగించండి. గంటకు వచ్చేది మీరు మొదట్లో అనుకున్నదానికంటే తక్కువుంటే, ఏ రకం షూట్ గంటలు తినేస్తోందో అక్కడే కనిపిస్తుంది. దాన్ని మానేయండి, లేదా దాని రేటు పెంచండి. మీరు ఖాళీగా ఉంచిన వారాలన్నీ నిండిపోయి, ఇంకా "తేదీ దొరకదా?" అని అడిగేవాళ్లుంటే అది రేటు పెంచే సమయం. కొత్త రేటు కొత్త బుకింగ్‌లకే పెట్టండి. ఇప్పటికే అడ్వాన్స్ ఇచ్చినవాళ్లకు పాత రేటుకే చేయండి.